‘నెవర్ మైండ్ ది బాలక్స్’ ఆల్బమ్‌కు అంత పేరు తగినదేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. గిటార్ నేర్చుకుంటున్న మీకు గొప్ప రాక్ ఆల్బమ్‌ల జాబితా ఏది చూసినా బ్రిటిష్ పంక్ (మెరుగుల కన్నా తెగువే ముఖ్యమనే ముతక రాక్) బృందం సెక్స్ పిస్టల్స్ 1977లో తెచ్చిన ‘నెవర్ మైండ్ ది బాలక్స్’ కనిపించింది. శ్రద్ధగా మూడుసార్లు విన్నారు. మూడు కార్డ్‌లతో (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులతో) నడిచే పాటలు, శ్రుతి కుదరని గొంతు, మామూలు రాక్ వాద్యాలు తప్ప మరేమీ వినిపించలేదు. ఈ కీర్తి నిజంగా సంపాదించుకున్నదా, పత్రికలు పెంచి పోషించినదా అని అడుగుతున్నారు.

సూటిగా చెబుతాను. పేరు తగినదే, కానీ జనం సాధారణంగా చెప్పే కారణానికి కాదు. వాయించడం రాని నలుగురు కుర్రాళ్లు స్టూడియోలోకి దూరి, కడుపులోని కోపాన్నంతా ఒక్క ఊపులో రికార్డు చేసి బయటపడ్డారన్నది ఆ ఆల్బమ్ గురించి ప్రచారంలో ఉన్న కథ. ఆ కథను నమ్మి వినేవారెవరికైనా మీకు కలిగిన నిరాశే కలుగుతుంది, ఎందుకంటే ఆ రికార్డులో అలాంటిదేమీ లేదు. అందులో ఉన్నది ఎంతో ఓపికగా, పొర మీద పొర పేర్చి కట్టిన గిటార్ శబ్దం, దాని మీద అంతకు ముందు రాక్ సంగీతంలో అలా వినిపించని ఒక ఉచ్చారణ. ఆ రెండింటి కోసం వింటే మీ అభిప్రాయం మారే అవకాశం ఉంది. మొత్తం ఆల్బమ్ మీద మారకపోయినా, కనీసం నాలుగు పాటల మీద మారుతుంది.

నేను మద్రాసులో, తరువాత హైదరాబాదులో ముప్పై ఏళ్లకు పైగా రికార్డింగ్, మిక్సింగ్ పనిలో ఉన్నాను, కాబట్టి ఇకమీద చెప్పబోయేది విమర్శకుడి మాటగా కాక మిక్సింగ్ బల్ల మీది ఫేడర్ల ముందు కూర్చునే మనిషి మాటగా తీసుకోండి. ఆ ఆల్బమ్ నా చేతికి మొదట 1989లో, బర్మా బజారులో కొన్న ఒక నకలు క్యాసెట్టు రూపంలో వచ్చింది. అది ఎన్నో తరం నకలో తెలియదు. పై స్థాయి శబ్దాలన్నీ అరిగిపోయి, డ్రమ్స్‌లోని ఇత్తడి తాళాలు (సింబల్స్) ఇసుక రాలినట్టు, గొంతు గోడ అవతలి నుంచి అరిచినట్టు వినిపించేవి. మా గదిలో నలుగురం దాన్ని వింటూ, ‘ఆహా, ఎంత ముతకగా, ఎంత నిజాయితీగా ఉంది’ అని మురిసిపోయేవాళ్లం. పదేళ్ల తరువాత అదే ఆల్బమ్ సీడీ దొరికితే, స్టూడియోలో పని ముగిశాక పెద్ద స్పీకర్ల మీద పెట్టి విన్నాను. ముతకదనమంతా నా క్యాసెట్టుదే. అసలు రికార్డు శుభ్రంగా, నిండుగా, అంచులు సరిగ్గా కోసిన పలకలా ఉంది. ఆ రాత్రి కొంచెం మోసపోయినట్టు అనిపించిన మాట నిజమే గాని, ఆ శబ్దాన్ని ఎలా తీసుకొచ్చారో తెలుసుకోవాలన్న కుతూహలం కూడా అప్పుడే మొదలైంది.

రికార్డింగ్ జరిగింది ఉత్తర లండన్‌లోని హైబరీలో, ఒకప్పటి చర్చి హాలులో నడిచిన వెస్సెక్స్ స్టూడియోలో. నిర్మాత క్రిస్ థామస్, ఇంజనీరు బిల్ ప్రైస్. ఆల్బమ్ అట్ట మీద మాత్రం నిర్మాతగా ‘క్రిస్ థామస్ లేదా బిల్ ప్రైస్’ అని విచిత్రంగా అచ్చయింది. థామస్ కొత్తవాడు కాదు. 1968లో బీటిల్స్ డబుల్ ఆల్బమ్‌కు వారి నిర్మాత జార్జ్ మార్టిన్ సహాయకుడిగా పనిచేశాడు, రాక్సీ మ్యూజిక్ బృందం ఆల్బమ్‌లను నిర్మించాడు, 1973 నాటి పింక్ ఫ్లాయిడ్ ‘డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ మిక్సింగ్‌లోనూ అతడి చేయి ఉంది. గాయకుడు జాన్ లైడన్, అంటే జానీ రాటెన్, పింక్ ఫ్లాయిడ్ పేరున్న టీషర్టు మీద ‘నాకు అసహ్యం’ అని రాసుకుని తిరుగుతూ ఈ బృందం కంటబడ్డవాడన్న సంగతి గుర్తుంచుకుంటే, ఆ స్టూడియోలో కూర్చున్న మనుషుల కలయిక ఎంత తమాషా అయినదో తెలుస్తుంది.

ఇప్పుడు అసలు విషయం, గిటార్. బృందం గిటారిస్టు స్టీవ్ జోన్స్ అప్పటికి గిటార్ పట్టి రెండు మూడేళ్లే. అయితే అతడికి ఒక విద్య పట్టుబడింది: ఒకే భాగాన్ని, అదే బరువుతో, అదే చోట ఆపుతూ మళ్లీ మళ్లీ వాయించగలగడం. అతడి చేత ఒకే రిథమ్ భాగాన్ని పలుమార్లు వాయింపజేసి, వాటిని ఒకదాని మీద ఒకటి పరిచారు. మా పనిలో దీన్ని డబ్లింగ్ అంటాం. రెండు టేకులు, అంటే విడివిడిగా వాయించి రికార్డు చేసినవి, ఒకదానితో ఒకటి సరిగ్గా కలిస్తే శబ్దం వెడల్పవుతుంది. కొంచెం తేడా వస్తే బురదవుతుంది. ఈ ఆల్బమ్‌లో బురద ఎక్కడా లేదు. పైగా బేస్ గిటార్ కూడా చాలా వరకు జోన్స్ వాయించినదే. అసలు బేసిస్టు గ్లెన్ మాట్లాక్ 1977 ఫిబ్రవరిలో బృందం విడిచిపోయాడు. అతడి స్థానంలో వచ్చిన సిడ్ విషస్‌కు వాయించడం అంతంత మాత్రం, దానికి తోడు రికార్డింగ్ రోజుల్లో కామెర్లతో ఆసుపత్రి పాలయ్యాడు. ‘బాడీస్’ అనే ఒక్క పాటలో అతడి వాయిద్యం ఉన్నా, అది మిక్స్‌లో అడుగునపడి చెవికి అందదు. అంటే మీరు వింటున్న శబ్దంలో గిటార్లు, బేస్ దాదాపు అన్నీ ఒకే కుడి చేతి నుంచి వచ్చినవి. జోన్స్ వాయించిన పాటల్లో బేస్ ఎక్కడా తన దారి తాను వెతుక్కోకుండా గిటార్ నొక్కిన స్వరాన్నే కింది స్థాయిలో నొక్కుతుంది, ఆ రెండూ కలిసి ఒకే గోడగా నిలబడతాయి. దాని వెనుక పాల్ కుక్ డ్రమ్స్ పరుగెత్తవు, తడబడవు, పెద్ద అడుగులు వేసుకుంటూ నడుస్తాయి.

దీన్ని మీరే పరీక్షించవచ్చు. ‘అనార్కీ ఇన్ ది యూకే’ 1976లో రికార్డయింది, అందులో బేస్ మాట్లాక్‌ది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని బేస్ ఒక్కదాన్నే వెంబడించండి: అది గిటార్ కింద కూర్చోకుండా మధ్యలో చిన్న చిన్న మెట్లు ఎక్కుతూ దిగుతూ కదులుతుంది. వెంటనే ‘హాలిడేస్ ఇన్ ది సన్’ వినండి. బూట్ల కవాతు చప్పుడు తరువాత గిటార్ దిగుతుంది, బేస్ దానికి నీడలా అంటుకుని ఉంటుంది. సంగీతజ్ఞుడిగా చూస్తే మాట్లాక్ వాయించినదే మెరుగు. రికార్డు శబ్దంగా చూస్తే జోన్స్‌ది మెరుగని నా అభిప్రాయం. ఈ విషయంలో నాతో విభేదించే మిత్రులు చాలామంది ఉన్నారు.

నా సొంత అనుభవం ఒకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట హైదరాబాదులో నలుగురు ఇంజనీరింగ్ విద్యార్థులు నా దగ్గరకు వచ్చారు. ‘సార్, పిస్టల్స్ లాగా ముతకగా కావాలి, నలుగురం ఒకేసారి నిలబడి కొట్టేస్తాం, ఒకే టేకు, ఓవర్‌డబ్‌లు (తరువాత పైన కలిపే రికార్డింగులు) వద్దు’ అన్నారు. కాదనలేదు. రికార్డు చేసి వినిపించాను. గిటార్ సీసాలో చిక్కిన ఈగ మోతలా సన్నగా వినిపించింది, కుర్రాళ్ల ముఖాలు వాడిపోయాయి. అప్పుడు గిటారిస్టును ఒక్కడినే కూర్చోబెట్టి, మొదట వాయించినదాన్నే మళ్లీ వాయించమన్నాను. చేతకాలేదు. ఒకసారి తంత్రిని అరచేతితో అణచడం ముందుగా జరిగింది, ఇంకోసారి కింది స్ట్రోకుకు బదులు పై స్ట్రోకు పడింది, మరోసారి అంతా సరిగ్గా ఉందనుకుంటే రెండో తంత్రి శ్రుతి జారింది. సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టిన పని రాత్రి పదకొండు దాటాక ఒక పల్లవి వరకు కుదిరింది. రెండు టేకులనూ కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి పెట్టి వినిపించగానే ఆ అబ్బాయి ‘ఇది నేనేనా’ అన్నాడు. మూడు కార్డ్‌ల పాట సులువనుకునే ప్రతి విద్యార్థికీ నేను ఈ సంగతి చెబుతుంటాను. కార్డ్‌లు నేర్చుకోవడానికి మూడు రోజులు చాలు, వాటిని రెండుసార్లు ఒకేలా వాయించడానికి మూడేళ్లు పట్టవచ్చు.

ఇక గొంతు. శ్రుతి, గమకం, స్వరశుద్ధి అనే కొలతలతో పెరిగిన మన చెవికి లైడన్ పాడుతున్నట్టు అనిపించకపోవడం సహజం. నాకూ మొదట్లో అనిపించలేదు. కానీ అతడు చేస్తున్న పని స్వరంతో కాదు, అక్షరాలతో. ‘అనార్కీ’ పాట మొదటి రెండు పాదాలు తీసుకోండి. మొదటి పాదం ‘యాంటీక్రైస్ట్’తో ముగుస్తుంది, రెండోది ‘అనార్కిస్ట్’తో ముగియాలి. ఈ రెండింటికీ అంత్యప్రాస కుదరదు. మరొక కవి అయితే మాట మార్చుకునేవాడు. లైడన్ మాటనే వంచి, ‘అనార్కైస్ట్’ అని సాగదీసి, ప్రాసను బలవంతంగా కుదిర్చి, ఆ బలవంతాన్ని దాచకుండా వినేవాడి ముఖం మీదికి విసిరాడు. ఛందస్సు ఎరిగిన తెలుగువాడికి ఆ ధిక్కారం మిగతావారి కంటే ఒక మెట్టు ఎక్కువే అర్థం కావాలి. రేఫను దొర్లించడం, మాట చివరి అక్షరాన్ని కొరికి వదలడం, పాదం మధ్యలో ఎగతాళి నవ్వు నవ్వడం, ఇవన్నీ ఎక్కడ చేయాలో అతడికి బాగా తెలుసు. అప్పటిదాకా ఎందరో బ్రిటిష్ రాక్ గాయకులు పాటెత్తగానే అమెరికన్ యాసలోకి జారిపోయేవారు. ఇతడు ఉత్తర లండన్ వీధి యాసను అలాగే మైకు ముందుకు తెచ్చాడు.

ఇక్కడే ఒక న్యాయమైన ఆక్షేపణ ఉంది. ఇంత జాగ్రత్తగా మెరుగుపెట్టడం పంక్ స్ఫూర్తికి విరుద్ధం కాదా? ఆ మాట 1977లోనే అన్నారు. ఆల్బమ్ రావడానికి కొద్దిగా ముందు ‘స్పంక్’ పేరుతో ఒక అనధికార రికార్డు బయటికి వచ్చింది. అందులో ఉన్నవి డేవ్ గుడ్‌మన్ అనే సౌండ్ మనిషి అంతకుముందు ఆ బృందం చేత చేయించిన డెమోలు (నమూనా రికార్డింగులు), మాట్లాక్ బేస్‌తో సహా. నిజమైన ముతకదనం కావలసినవారు వినవలసింది దాన్ని. అసలు ఆల్బమ్ కంటే అదే మేలనేవారున్నారు. నేను రెండూ పక్కపక్కన పెట్టి చాలాసార్లు విన్నాను. డెమోల్లో నలుగురు మనుషులు ఒక గదిలో వాయిస్తున్నట్టు ఉంటుంది, అది హాయిగా ఉంటుంది. ఆల్బమ్‌లో గది మాయమై, శబ్దం నేరుగా మీ మీదికి వస్తుంది. బెదిరించడమే ఉద్దేశమైతే రెండోదే సరైన పద్ధతి.

సంగీతానికి బయట జరిగిన రభస కీర్తిని పెంచలేదా అంటే, నిస్సందేహంగా పెంచింది. 1976 డిసెంబరు 1న బిల్ గ్రండీ నడిపే టీవీ కార్యక్రమంలో వాళ్లు బూతులు మాట్లాడారు, మర్నాడు పత్రికలన్నీ దాన్నే పతాక శీర్షిక చేశాయి, జనవరిలో ఈఎమ్‌ఐ రికార్డు సంస్థ వాళ్లను వదిలించుకుంది. మార్చిలో ఏ అండ్ ఎమ్ సంస్థ బకింగ్‌హామ్ రాజభవనం ఎదుట బల్ల వేసి మరీ ఒప్పందం మీద సంతకాలు చేయించి, వారం తిరక్కముందే రద్దు చేసుకుని, అప్పటికే అచ్చయిన ‘గాడ్ సేవ్ ది క్వీన్’ రికార్డుల్లో దాదాపు అన్నింటినీ ధ్వంసం చేసింది. మేలో వర్జిన్ సంస్థ తీసుకుంది. బ్రిటన్ రాణి పాలన రజతోత్సవాల వేళ అదే పాట బీబీసీ నిషేధం మధ్య అమ్మకాల జాబితాలో రెండో స్థానానికి చేరింది. అక్టోబరు 28న ఆల్బమ్ విడుదలైతే, పెద్ద దుకాణాలు అమ్మడానికి నిరాకరించినా అది బ్రిటన్‌లో మొదటి స్థానంలో నిలిచింది.

నాటింగ్‌హామ్‌లో జరిగిన కేసు వీటన్నిటిలో నాకు ఇష్టమైనది. జేమీ రీడ్ రూపొందించిన ఆ పసుపు, గులాబీ రంగుల అట్టను కిటికీలో పెట్టినందుకు అక్కడి వర్జిన్ దుకాణం మేనేజరు మీద 1889 నాటి అసభ్య ప్రకటనల చట్టం కింద కేసు పెట్టారు. ప్రతివాది తరఫున జాన్ మార్టిమర్ వాదించాడు. నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయపు ఆంగ్ల ఆచార్యుడు జేమ్స్ కిన్స్‌లీ సాక్షిగా వచ్చి, ‘బాలక్స్’ అనే మాట (వృషణాలకు వాడే బూతు) ప్రాచీన ఆంగ్లం నుంచి ఉన్నదేనని, ఒకప్పుడు మతగురువులకు వ్యవహార నామంగా కూడా వాడారని, ఈ అట్ట మీద దాని అర్థం ‘పనికిమాలిన మాటలు’ మాత్రమేనని వివరించాడు. న్యాయమూర్తులు అయిష్టంగానే కేసు కొట్టివేశారు. ఒక తిట్టుపదానికి భాషాశాస్త్ర చరిత్ర చెప్పించి గెలిచిన రాక్ ఆల్బమ్ నాకు తెలిసి మరొకటి లేదు. అయితే ఈ వినోదమంతా అట్టకు సంబంధించినది, లోపలి పన్నెండు పాటలకు సంబంధించినది కాదు.

బృందం కీర్తిలో కొంత ఆల్బమ్ ఖాతాలో పడిందన్న సంగతి కూడా ఒప్పుకోవాలి. 1976 జూన్ 4న మాంచెస్టర్‌లోని లెసర్ ఫ్రీ ట్రేడ్ హాలులో వాళ్లు చేసిన కచేరీకి వచ్చింది కొద్దిమందే. వారిలో బెర్నార్డ్ సమ్నర్, పీటర్ హుక్ వంటివారు ఉన్నారు. ఆ కచేరీ చూశాకే సొంత బృందం పెట్టాలనుకుని, తరువాత జాయ్ డివిజన్ అనే బృందంలో వాయించారు. ‘నాకూ చేతనవుతుంది’ అన్న ధైర్యం వాళ్లకు కలిగించింది ఆ కచేరీ, ఆల్బమ్ కాదు. ఆల్బమ్ వచ్చేసరికి పంక్ ఇంట్లో పెళ్లి భోజనాలు సగం అయిపోయాయి. అమెరికాలో రామోన్స్ మొదటి ఆల్బమ్ 1976 ఏప్రిల్‌లోనే, బ్రిటన్‌లో ది డ్యామ్డ్ ఆల్బమ్ 1977 ఫిబ్రవరిలో, ది క్లాష్ ఆల్బమ్ ఏప్రిల్‌లో వచ్చేశాయి. అందుచేత ఇదే మొదటి పంక్ ఆల్బమ్ అని ఎవరైనా చెబితే నమ్మకండి. వేగం విషయంలోనూ అంతే. రామోన్స్ పద్నాలుగు పాటలను ఇరవై తొమ్మిది నిమిషాల్లో ముగిస్తే, వీళ్లు పన్నెండు పాటలకు ముప్పై ఎనిమిది నిమిషాలకు పైగా తీసుకున్నారు. పంక్ అంటే శరవేగమని అనుకుని విన్న మీకు ఇది ‘మామూలు రాక్’గా తోచడానికి ఇదొక కారణం కావచ్చు.

లోపాలు చెప్పకుండా దాటవేయను. నాలుగు సింగిల్స్, అంటే ‘అనార్కీ’, ‘గాడ్ సేవ్ ది క్వీన్’, ‘ప్రెటీ వేకెంట్’, ‘హాలిడేస్ ఇన్ ది సన్’, ఆల్బమ్ రాకముందే విడివిడిగా వచ్చేశాయి, కాబట్టి అప్పటి శ్రోతలు ఇందులో కొత్తదనం తక్కువని గొణిగారు. వాటిని పక్కన పెడితే మిగిలినవి ఒకే స్థాయిలో లేవు. ‘లయర్’, ‘న్యూయార్క్’, ‘సెవెంటీన్’ వరుసగా వింటే ఏది ఎక్కడ ముగిసిందో చెప్పడం నాకూ కష్టమే. ఏ పాటలోనూ శబ్దం తగ్గదు, ఊపిరి తీసుకునే చోటు ఉండదు. ‘సబ్‌మిషన్’ ఒక్కటే నెమ్మదించి కొంత విశ్రాంతినిస్తుంది. గర్భస్రావం గురించిన ‘బాడీస్’ పాట శబ్దపరంగా ఆల్బమ్‌లో అత్యంత బలమైనదే అయినా, అందులో ఒక మానసిక రోగి పట్ల ఉన్న కర్కశత్వం నాకు ఇప్పటికీ మింగుడు పడదు. అది పాత్ర గొంతుకే తప్ప కవిది కాదని వాదించేవారితో నేను పూర్తిగా ఏకీభవించను. సిడ్ విషస్ ఒంటి మీది స్వస్తిక చొక్కాల సంగతి సంగీతం కిందికి రాదు గాని, ఆ బృందాన్ని మెచ్చుకునేవారు దాన్ని కేవలం కొంటెతనంగా కొట్టిపారేయడం సరికాదు.

జాబితాల గురించి ఒక్క మాట. రోలింగ్ స్టోన్ పత్రిక 1987లో గత ఇరవై ఏళ్ల ఉత్తమ ఆల్బమ్‌లను ఎంచినప్పుడు దీనికి రెండో స్థానం ఇచ్చింది. అదే పత్రిక 2003లో అన్ని కాలాల ఐదువందల ఆల్బమ్‌ల జాబితా చేసినప్పుడు నలభై ఒకటో స్థానం, 2020లో ఎనభయ్యో స్థానం ఇచ్చింది. మొదటిది వేరే రకం జాబితా కనుక నేరుగా పోల్చలేం. నా దృష్టిలో రెండో స్థానం అతి, ఎనభై న్యాయం. పంక్ బృందాల్లో నుంచి మొత్తం ఆల్బమ్‌గా నిలిచేది ఒకటే కావాలంటే, నేను ఇచ్చేది ది క్లాష్ వారి ‘లండన్ కాలింగ్’. అది 1979లో ఇదే వెస్సెక్స్ స్టూడియోలో, ఇదే బిల్ ప్రైస్ ఇంజనీరుగా తయారైంది. గోడలవే, చేతులవే, కానీ అందులో కిటికీలు తెరిచి ఉంటాయి.

మీరు నాలుగోసారి వినేటప్పుడు మొత్తం ఆల్బమ్ పెట్టకండి. ఫోను స్పీకరు మీద అసలే వద్దు. అందులో బేస్, గిటార్ కలిసి కట్టిన గోడ సగం కూలిపోతుంది. హెడ్‌ఫోన్స్‌తో ‘ప్రెటీ వేకెంట్’ ఒక్కటి పెట్టుకోండి. మొదట గిటార్ ఒంటరిగా రెండు స్వరాల మధ్య ఊగుతూ మొదలవుతుంది (ఆ ఊహ అబ్బా బృందం పాట ‘ఎస్ఓఎస్’ నుంచి వచ్చిందని మాట్లాక్ స్వయంగా చెప్పాడు), దాని కిందికి డ్రమ్స్ వస్తాయి, తరువాత మిగతా గిటార్లు ఒక్కుమ్మడిగా తలుపు తోసుకుని లోపలికి వస్తాయి. ఆ తలుపు తెరుచుకున్న క్షణాన్ని నాలుగైదుసార్లు వెనక్కి తిప్పి వినండి. తరువాత అదే పల్లవిని మీ గిటార్ మీద రెండుసార్లు విడివిడిగా రికార్డు చేసి, ఒకటి కుడి చెవికి, ఒకటి ఎడమ చెవికి పెట్టుకుని చూడండి. మొదటి ప్రయత్నంలోనే రెండూ కలిసిపోతే నాకు తెలియజేయండి, నా దగ్గర మీకు పని ఉంది.